తీగ తెగినా శృతి నిలిపిన బ్రిడ్జి: గోతో 510తో నా అనుభవం

నా స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్‌కి గోతో అనే జపాన్ కంపెనీ తయారుచేసే 510 బ్రిడ్జి, అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం, బిగించి ఏళ్లు గడిచాయి. కొత్తలో తెలిసినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడు అడిగితే, ముందు మీరు ఎక్కడ వాయిస్తారో, ఎవరి పక్కన నిలబడి వాయిస్తారో కనుక్కుని అప్పుడు చెబుతున్నాను. ఇష్టం మాత్రం తగ్గలేదు. బ్రిడ్జి పలకను మోసే రెండు పోస్టులు, పలక మీద తీగలు ఆనే శాడిళ్లు, పలక కింద బాడీ లోపలికి దిగి స్ప్రింగులు తగిలించే ఉక్కు బ్లాకు - వీటి గురించి ఇంతకుమించి చెప్పను. దీన్ని నేను ఇంతగా ప్రేమించడానికి కారణం ఒక్కటే: వామీ బార్ (నొక్కితే, లాగితే తీగల స్వరాన్ని కిందికీ పైకీ కదిలించే కడ్డీ, దీన్నే ఆర్మ్ అనీ అంటారు) ఎంత వాడినా, స్టేజీ మీద తీగ తెగినా, మిగతా తీగల శృతి చెదరకుండా పాట పూర్తి చేయగలుగుతున్నాను. అది బ్రిడ్జి ఒక్కదాని గొప్పతనం కాదు, దాన్ని ఎలా అమర్చామన్నదాంట్లో కూడా ఉంది. ఆ సంగతే ఇక్కడ వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

మాది విశాఖ. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, క్రిస్మస్ ప్రోగ్రాములు, అప్పుడప్పుడు రికార్డింగ్ - ఇదీ నా పని. ఇంతకుముందు నా చేతిలో ఉన్నది ఫ్లాయిడ్ రోజ్ అనే బ్రిడ్జి ఉన్న గిటార్. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. 1970ల చివర్లో దాని సృష్టికర్త ఫ్లాయిడ్ రోజ్ తీగను నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాళ్ల ముక్క) దగ్గరా, శాడిల్ దగ్గరా రెండు చోట్లా బిగించేసే ఆలోచన చేశాడు. బార్‌ని తీగలు వేలాడేదాకా నొక్కి వదిలినా శృతి తిరిగి అక్కడికే వస్తుంది. ఇప్పటికీ ఆ విషయంలో దానికి సాటి వచ్చేది నేను చూడలేదు.

కానీ మా పనిలో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది గాయకులు. మైకు పట్టుకున్నాక "అన్నా, ఈ రోజు గొంతు బాలేదు, హాఫ్ నోట్ దించేద్దామా" అంటారు. కీబోర్డు ఆయన ఒక బటన్ నొక్కుతాడు, అయిపోతుంది. ఓపెన్ తీగల మీద నడిచే పాటైతే నేను గిటార్ మొత్తం దించాలి. ఫ్లాయిడ్ రోజ్‌లో నట్ దగ్గరి మూడు లాకులూ అలెన్ కీతో విప్పాలి, ఒక తీగ దించితే మిగతావి పైకి పోతాయి, వాటిని సర్దితే మొదటిది మళ్లీ మారిపోతుంది. ఆ లోపల అనౌన్సరు మాటలు అయిపోతాయి. రెండోది తీగ తెగడం. 10-46 మందం తీగల సెట్టు మామూలు ట్యూనింగ్‌లో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిపి లాగే బలం దాదాపు 46 కిలోలు. ఫ్లోటింగ్ బ్రిడ్జి అంటే ఆ లాగుడుకి సరిగ్గా సరితూగేలా వెనక స్ప్రింగులు అవతలికి లాగుతూ ఉండటమే. మొదటి తీగ ఒక్కటే ఏడు కిలోలకు పైగా మోస్తుంది. అది తెగిన మరుక్షణం స్ప్రింగులది పైచేయి అవుతుంది, బ్రిడ్జి వెనక్కి వాలుతుంది, మిగిలిన ఐదు తీగలూ ఒక్కసారే పైకి లేచిపోతాయి. ఒక రిసెప్షన్‌లో నాకు అదే జరిగింది. తర్వాత ఏ కార్డు పట్టినా అపస్వరమే కాబట్టి మిగతా పాటంతా వాల్యూమ్ తగ్గించి నిలబడ్డాను.

బిగ్స్‌బీ అనే ఇంకో రకం వామీ బార్ కూడా ఆలోచించాను. కార్డు మోగించి మెల్లగా అల ఆడించడానికి అంత హాయైనది లేదు, కానీ నాకు కావలసినంత లోతుకు దిగదు. పైగా నా గిటార్ బాడీకి అది నప్పదు. అలా రెండు పోస్టుల గోతో దగ్గరికి వచ్చాను.

బిగించింది మా ఊళ్లో గిటార్లు బాగుచేసే ఒక మాస్టారు. ఫ్లోటింగ్‌గానే పెట్టమని నేను అడిగాను. ఆయన వెనక మూత విప్పి, స్ప్రింగుల వైపు చూస్తూ, "బాబూ, నువ్వు బార్ పైకి ఎంత లాగుతావు, కిందికి ఎంత నొక్కుతావు?" అని అడిగారు. కిందికే ఎక్కువ అన్నాను. "మరి పైకి పోయే దారి దేనికి?" అని, టేకు చెక్కముక్క ఒకటి తీసి ఉప్పుకాగితం మీద రుద్దుతూ కూర్చున్నారు. రుద్దడం, బ్లాకుకూ నెక్ వైపు గోడకూ మధ్య పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. పలక బాడీకి సమాంతరంగా ఉండగానే ఆ ముక్క బిగువుగా కూర్చునేదాకా వదల్లేదు. బార్ నొక్కితే బ్లాకు అడుగు భాగం నెక్ నుంచి దూరంగా కదులుతుంది, కాబట్టి చెక్క దానికి అడ్డం రాదు. పైకి లాగితే బ్లాకు నెక్ వైపు రావాలి, అక్కడ చెక్క ఆపేస్తుంది. ఆ తర్వాత నాలుగో స్ప్రింగు జోడించి, స్ప్రింగుల అవతలి కొనలను పట్టి ఉంచే క్లా స్క్రూలు ఇంకాస్త బిగించారు. ఎంతవరకు బిగించాలో ఆయన చూపించిన గుర్తు ఇదీ: మూడో తీగను రెండు ఫ్రెట్ల ఎత్తు దాకా బెండ్ చేసినా (వేలితో పక్కకు తోసి స్వరం పెంచినా) బ్లాకు చెక్కను వదలకూడదు. దాంతో ఒక తీగ బెండ్ చేస్తూ పక్క తీగను అలాగే మోగించినా ఆ రెండోది దిగిపోదు. ఫ్లోటింగ్ బ్రిడ్జి మీద వాయించినవాళ్లకు ఇదెంత సుఖమో తెలుస్తుంది.

ఇక అసలు పరీక్ష అనకాపల్లి దగ్గర ఒక చవితి పందిట్లో జరిగింది. వర్షం పడి వెలిసిన సాయంత్రం. చెమటకు చెయ్యి జారుతోంది. పాత మెలొడీ ఒకటి మొదలైంది, ముందు వచ్చే బిట్టు నాదే. బార్ కొంచెం నొక్కి పట్టి తీగ మీటి, మెల్లగా వదులుతూ స్వరంలోకి ఎక్కే ముక్క అది. రెండోసారి వదులుతుండగా మొదటి తీగ శాడిల్ దగ్గర టప్పుమని తెగింది. తెగిన కొన అరచేతికి గుచ్చుకుంది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి వాల్యూమ్ తగ్గించడానికి కదిలింది కూడా. కానీ రెండో తీగ ఇంకా మోగుతోంది. కీబోర్డు పట్టిన కార్డుతో అది కలిసే ఉంది. మూడో తీగ మీటాను. అదీ సరిగ్గానే ఉంది. స్ప్రింగుల అదనపు లాగుడంతా ఆ చెక్కముక్క మోసుకుంది.

ఇక వాయించేశాను. మొదటి తీగ ఏడో ఫ్రెట్‌లో ఉండే స్వరం రెండో తీగ పన్నెండో ఫ్రెట్‌లో దొరుకుతుంది, కాబట్టి బిట్టంతా అక్కడికి మార్చుకున్నాను. చరణాల మధ్య వచ్చే మ్యూజిక్‌లో బార్ కూడా వాడాను. నొక్కి వదిలిన ప్రతిసారీ బ్లాకు వెళ్లి చెక్కకు ఆనడం చేతికి తెలుస్తోంది. ఆనగానే శృతి. మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. పాడుతున్న అమ్మాయికి తీగ తెగిన సంగతే తెలియలేదు, పాట అయ్యాక వేలాడుతున్న తీగ చూసి ఆశ్చర్యపోయింది. మర్నాటి నుంచే ఈ బ్రిడ్జి గురించి అందరికీ చెప్పడం మొదలుపెట్టాను.

తీగ మార్చడం కూడా అక్కడే జరిగింది. నేను వెనక మూత ఎప్పుడూ బిగించను. తెగిన తీగ చివరి ఇత్తడి గుండు బ్లాకు రంధ్రంలో ఇరుక్కుంటే సన్నటి స్క్రూడ్రైవరుతో ముందు నుంచి తోశాను, వెనక నుంచి రాలిపడింది. కొత్త తీగ దూర్చి, లాకింగ్ ట్యూనర్‌లో (తీగను నొక్కి పట్టి ఉంచే బిరడాలో) బిగించి, సాగదీసి శృతి చేసేలోపు పూజ వాళ్ల ప్రకటనలు కూడా పూర్తికాలేదు. గుండు కత్తిరించడం, శాడిల్‌లో తీగ నొక్కిపెట్టడం, అలెన్ కీ వెతకడం ఏవీ లేవు.

చెక్క పుణ్యమే అంతా అనుకుంటే, ఏ బ్రిడ్జికైనా అది పెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. పెట్టుకోవచ్చు. మరి గోతోనే ఎందుకంటే, దాని ఆర్మ్. నా పాత గిటార్‌లో ఆర్మ్‌ని మర తిప్పి ఎక్కించాలి. కొన్నాళ్లకు మర అరిగి వదులైంది, టెఫ్లాన్ టేపు చుట్టుకుంటూ నెట్టుకొచ్చాను, చివరికి మర దగ్గరే విరిగి ముక్క బ్లాకులో ఉండిపోయింది. 510 ఆర్మ్‌కి మర లేదు. నొక్కితే లోపలికి దిగి కూర్చుంటుంది. ఎంత బిగువుగా తిరగాలో మనం పెట్టుకోవచ్చు, ఎంత ఎత్తులో ఉండాలో కూడా. నేను కాస్త బిగువుగా పెట్టుకున్నాను. వాయించి వదిలితే ఎక్కడ వదిలానో అక్కడే ఆగుతుంది, చిటికెన వేలికి ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. ఆడించినప్పుడు మధ్యలో లొడుకు ఉండదు. వేలు కదిలినంత స్వరం కదులుతుంది.

ఆ లొడుకు లేకపోవడం వల్లే గమకాల పని చేయగలుగుతున్నాను. ఇంగ్లండ్ గిటారిస్టు జెఫ్ బెక్ వేళ్లతో మీటుతూ బార్‌తోనే స్వరాలు పలికించడం విన్నప్పటి నుంచి ఇది నాకు పిచ్చి. తోడి రాగంలో గాంధారం నిలకడగా పట్టుకునే స్వరం కాదు, ఊగితేనే అది తోడి. ఎడమ చేతి వేలు జార్చి ఆ ఊపు తేవడం ఒక పద్ధతి. స్వరాన్ని కొంచెం పై ఫ్రెట్‌లో పట్టుకుని బార్‌తో కిందికీ పైకీ ఆడించడం ఇంకో పద్ధతి. ఫ్రెట్లమీద వేలు రాసుకునే చప్పుడు ఉండదు, గొంతుకు దగ్గరగా వస్తుంది. కిందికి మాత్రమే కదిలే బ్రిడ్జి మీద కూడా ఇది కుదురుతుంది, ఎందుకంటే ముందే నొక్కి ఉంచి వదలడమే ఎక్కడం కదా. సంగీతం నేర్చుకున్నవాళ్లు వింటే ఒప్పుకునేంతగా వస్తుందని అనను. సినిమా పాటల మధ్య బిట్లకు మాత్రం చాలా బాగా పనికొస్తోంది.

"శృతి అస్సలు తప్పదు" అని కొత్తలో అందరికీ చెప్పిన మాటకు ఇప్పుడు కొంత చేర్చాలి. అది నట్ బాగున్నంతవరకే నిజం. బార్ నొక్కి వదిలాక మూడో తీగ పిసరంత ఎక్కువ పలుకుతోందంటే తప్పు బ్రిడ్జిది కాదు, తీగ నట్ గాడిలో పట్టేస్తోంది. ట్యూన్ చేసేటప్పుడు టింగ్ టింగ్ మని చప్పుడు వినిపిస్తే అదే గుర్తు. నాకు గాళ్లు సరిగ్గా అరగదీసిన ఎముక నట్, తీగ మార్చిన ప్రతిసారీ గాడిలో కాస్త పెన్సిల్ పొడి తప్పనిసరి అయ్యాయి. ఇవి లేకుండా ఎంత ఖరీదైన బ్రిడ్జి బిగించినా డబ్బు దండగే.

చెక్క పెట్టాక పోయినవి కూడా ఉన్నాయి. హార్మోనిక్ మీటి బార్ పైకి లాగితే వచ్చే ఆ అరుపు నాకిప్పుడు లేదు. ఆర్మ్‌ని చిటికెతో కొడితే తీగలన్నీ గలగలమనే ఆ వణుకూ లేదు. కొత్తలో ఇవి నాకు అవసరం లేదన్నాను. రికార్డింగ్ పని వచ్చినప్పుడల్లా ఆ లోటు తెలుస్తోంది. బార్ నొక్కడానికి బలం కూడా ఎక్కువ కావాలి, గిటార్ హాఫ్ నోట్ దించినప్పుడు ఇంకా గట్టిగా అనిపిస్తుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు ముందు ఒకసారి వాయించి చూడాలి.

సముద్రపు గాలి ఇంకో సంగతి. శాడిల్ ఎత్తు మార్చే సన్న స్క్రూలు మా ఊళ్లో తుప్పు పడతాయి. నాకు రెండు పట్టేశాయి, మాస్టారే జాగ్రత్తగా విప్పారు. ఇప్పుడు ప్రోగ్రాం అయిన రాత్రే బట్టతో తుడుస్తున్నాను, పోస్టులు పలకను తాకే చోట కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తున్నాను. హైదరాబాద్‌లో ఉండే మిత్రుడి దగ్గర ఇదే బ్రిడ్జి ఉంది, అతనికి ఈ బాధ లేదు.

కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. రెండు పోస్టుల మధ్య దూరం దీనికి 56 మిల్లీమీటర్లు, ఫ్లాయిడ్ రోజ్‌కి 74. ఆరు స్క్రూల పాత పద్ధతి గిటార్ అయితే ఆ రంధ్రాలు పూడ్చి కొత్తవి వేయాలి. నా గిటార్‌కి దూరం సరిపోయినా పోస్టులు దిగే బుష్షుల సైజు తేడా వచ్చి, పాతవి పీకాల్సి వచ్చింది. పలచటి బాడీ ఉన్న గిటార్లలో బ్లాకు వెనక్కి పొడుచుకు రాకుండా ఉంటుందో లేదో కూడా చూసుకోవాలి. చేయి తిరిగినవాళ్ల చేత చేయించుకోండి, ఇంట్లో డ్రిల్లుతో ప్రయత్నించవద్దు.

మెటల్ వాయించేవాళ్లకు, సొంత పాటలు ఒకే ట్యూనింగ్‌లో వాయించుకునేవాళ్లకు, పక్కన ఇంకో గిటార్ సిద్ధంగా పెట్టుకోగలిగినవాళ్లకు నేను ఇప్పటికీ ఫ్లాయిడ్ రోజే మంచిదంటాను. నా దగ్గర స్టేజీకి ఒక్క గిటారే వస్తుంది, శృతి గాయకుల చేతిలో ఉంటుంది, పాట మధ్యలో ఆగే వీలుండదు. అలాంటివాళ్లకు గోతో 510, లాకింగ్ ట్యూనర్లు, మంచి నట్, వెనక ఒక టేకుముక్క అని ధైర్యంగా చెబుతాను. ఆ ముక్కకు మాస్టారు జిగురు పెట్టలేదు. రికార్డింగ్ పని పెరిగితే దాన్ని లాగేసి, నాలుగో స్ప్రింగు తీసి, ఫ్లోటింగ్‌గా వాడి చూడాలని ఉంది. ఈ డిసెంబరు క్రిస్మస్ ప్రోగ్రాములు అయ్యేవరకు మాత్రం దాన్ని కదిలించను.