పర్పుల్‌ఎయిర్ మ్యాప్: ఒంగోలులో కూర్చుని కెనడా పొగ చూసేవాళ్లకి

కెనడాలో పిల్లలున్న తల్లిదండ్రులు అక్కడ వేసవి మొదలయ్యేలోపే, ఏ చోట గాలిలో పొగ ఎంతుందో చూపించే ఈ పర్పుల్‌ఎయిర్ మ్యాప్ ఎలా చూడాలో నేర్చుకోండి. చూడటానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. నేను ఐదుకి నాలుగు ఇస్తాను.

మా అమ్మాయి వాళ్లు ఎడ్మంటన్‌లో ఉంటారు, మనవడికి ఉబ్బసం. 2023లో కెనడాలో కాలిపోయిన అడవి సుమారు 1.5 కోట్ల హెక్టార్లు, మన ఆంధ్రప్రదేశ్ అంతా కలిపితే 1.63 కోట్లు, అంటే ఎంత పొగో ఊహించుకోండి. ఆ ఆగస్టులో ఉత్తరాన యెల్లోనైఫ్ ఊరినే ఖాళీ చేయించారు. ఉపగ్రహం ఫొటోల్లో పొగ బాగానే కనిపిస్తుంది గానీ, అది ఎక్కడో పైన పోతోందా, పిల్లాడు పీల్చే ఎత్తులో ఉందా అన్నది వాటిలో తేలదు. అది తేలాలంటే నేల మీద కొలవాల్సిందే.

ఈ మ్యాప్‌లో ఒక్కో చుక్కా ఎవరో ఇంటి దగ్గర పెట్టుకున్న చిన్న పరికరం. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, కణాలు లేజర్ వెలుతురుకి అడ్డం పడినప్పుడు చెదిరే కాంతిని బట్టి పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నటి కణాలు) ఎంతో లెక్క కడుతుంది. బయట పెట్టే పరికరంలో సెన్సర్లు రెండుంటాయి, రెండూ దగ్గర దగ్గరగా చూపిస్తేనే ఆ అంకెని నమ్మండి.

అసలు సంగతి ఇక్కడుంది. ఇది కణాల బరువు తూచదు, కాంతిని చూసి అంచనా వేస్తుంది. అందుకే అడవి పొగని ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చేసి చూపిస్తుంది, గాలిలో తేమ ఉంటే ఇంకా పెంచేస్తుంది. మెనూలో ‘యూఎస్ ఈపీఏ’ (అమెరికా పర్యావరణ సంస్థ) అనే సవరణ ఉంటుంది, తప్పకుండా అది పెట్టుకోండి, పొగ ఉన్నచోట అంకె బాగా దిగుతుంది. ఇది తెలియక ఊదా రంగు (గాలి చాలా చెడ్డదని గుర్తు) చూసి అర్ధరాత్రి పిల్లలకి ఫోన్లు చేసి టెన్షన్ పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ రంగులు అమెరికా ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ)వి, మన ఏక్యూఐ మెట్లు వేరు. అమ్మాయి “నాన్నా, ఇవాళ ఏడు” అందంటే అది కెనడా వాళ్ల సొంత లెక్క, ఒకటి నుంచి పది దాకా ఉంటుంది, అది దాటితే 10+ అంటారు, దాన్ని దీంతో కలపొద్దు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పొగ పుట్టే ఉత్తరపు అడవుల్లోనే చుక్కలు మరీ పలచగా ఉన్నాయి. అక్కడి చిన్న ఊళ్లవాళ్లకే ఇది ఎక్కువ అవసరం, నాకు నిజంగా బాధ కలిగించేది అదే. పైగా ఇది కరెంటు, వైఫై మీద నడిచేది, మంటలొచ్చి కరెంటు పోతే చుక్కా పోతుంది. ఇంటి లోపల పెట్టినవి కూడా మ్యాప్‌లో కలిసి కనిపించొచ్చు, బయటివి మాత్రమే కనిపించేలా మార్చుకోండి.

మన దగ్గర కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. కొండపి వైపు పొగాకు బ్యారన్ల (ఆకు ఆరబెట్టే గదుల) కట్టెల పొగని ఇది పట్టుకుంటుంది, సవరణ పెట్టి చూడండి. చీమకుర్తి క్వారీల దుమ్ముకి మాత్రం పనికిరాదు, ఆ ముతక దుమ్ముని ఇది చాలా తక్కువ చేసి చూపిస్తుంది, అది చూసి గాలి బాగుందనుకుంటే ప్రమాదం.

ఇక్కడ సాయంత్రం ఆరున్నరకి అక్కడ వేసవిలో ఉదయం ఏడు. ఆ టైముకి మ్యాప్ చూసి, పక్కనే నాసా వాళ్ల ఫర్మ్స్ (ఉపగ్రహాలు పట్టిన మంటల మ్యాప్)లో మంటలు ఏ వైపున్నాయో, వాతావరణ సూచనలో గాలి ఎటు వీస్తోందో చూసుకుంటే, పిల్లాడిని ఆటకి పంపాలా వద్దా అన్నది బడి టైముకి ముందే మాట్లాడుకోవచ్చు.