పీఎస్ఏ 4 దాటింది: తర్వాత ఫ్రీ పీఎస్ఏ మేలా, పీహెచ్ఐ మేలా?

ప్రోస్టేట్ కాన్సర్ అనుమానం కోసం చూసే రక్తపరీక్ష పీఎస్ఏ. మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో కొలిచే ఆ అంకె 4 దాటి 10 లోపు వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. 10 దాటితే రక్తపరీక్షల మధ్య పోలికలు చూస్తూ కూర్చోనక్కర్లేదు, నేరుగా యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళడమే. ఆ స్థాయిలో బయాప్సీ (సూదితో గ్రంథి ముక్క తీసి చూడడం) చేస్తే సగం మందికి పైగా కాన్సర్ బయటపడుతుంది. 4కీ 10కీ మధ్య మాత్రం నలుగురిలో సుమారు ఒకరికే. మిగతా ముగ్గురూ అక్కర్లేని సూదులు పొడిపించుకున్నట్టే. ఆ ఒక్కరినీ ఈ ముగ్గురి నుంచి ఇంకో రక్తపరీక్షతో ముందే విడదీయొచ్చా, విడదీస్తే ఏ పరీక్షతో, అదీ విశాఖలో ఉంటూ ఏది చేయించుకోవాలి అన్నదే ప్రశ్న.

మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల లాబుల్లో చాలా కాలం పనిచేసినవాణ్ణి. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో రిటైరైన పెద్దవాళ్ళు హెల్త్ చెకప్ ప్యాకేజీ తీసుకుంటారు. అందులో పీఎస్ఏ కూడా ఉందన్న సంగతి, రిపోర్టులో ఆ అంకె లావు అక్షరాల్లో కనబడేదాకా వాళ్ళకి తెలీదు. "ఎక్కువొచ్చిందేటండీ, కొంపదీసి కాన్సరా?" అని కౌంటర్ దగ్గరే అడిగేస్తారు. ఆ వెంటనే అన్నిటికన్నా ఖరీదైన పరీక్ష ఏదుంటే అది చేసెయ్యమంటారు. టెన్షన్ అలాంటిది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట అదే పీఎస్ఏని జాగ్రత్తగా ఇంకోసారి చేయించాలి, దాంతోపాటు అదే రక్తంలో ఫ్రీ పీఎస్ఏ, అంటే దేనికీ అంటుకోకుండా విడిగా తిరిగే పీఎస్ఏ వాటా, చూడాలి. ఈ రెంటికీ ఇంకో కొలత కలిపి లెక్కేసే పీహెచ్ఐ మంచి పరీక్షే. కానీ ఇక్కడే సరిగ్గా సిద్ధం చెయ్యకుండా శాంపిల్‌ని ఊరు దాటించాల్సి వస్తే మాత్రం నేను దానికి ఓటు వెయ్యను.

అసలు పీఎస్ఏ అనేది కాన్సర్ తయారుచేసే పదార్థం కాదు. వీర్యాన్ని పలచబరచడానికి ప్రోస్టేట్ గ్రంథి రోజూ చేసుకునే ప్రోటీన్. అందులో కాస్త రక్తంలోకి జారుతుంది. వయసుతో గ్రంథి పెరిగినా, యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగిసిపోయినా, కాథెటర్ వేసినా ఎక్కువగా జారుతుంది. అమెరికాలో 1986లో ఈ పరీక్షకి అనుమతి ఇచ్చింది కూడా అప్పటికే వ్యాధి ఉన్నవాళ్ళని గమనిస్తూ ఉండడానికే. మలద్వారంలోంచి వేలితో చేసే పరీక్షతో కలిపి కాన్సర్‌ని పట్టుకోవడానికి వాడొచ్చని 1994లో అన్నారు. ఇక 4 అన్న గీత దగ్గర అంత నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. 2004లో వెలువడిన పెద్ద అమెరికా పరిశీలనలో, పీఎస్ఏ 4 లోపే ఉన్నవాళ్ళకి కూడా బయాప్సీ చేస్తే నూటికి 15 మందిలో కాన్సర్ కనబడింది. వాటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగే రకాలే అనుకోండి.

అందుకే మొదటి అంకె మీద తీర్పు చెప్పకూడదు. కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయిస్తే చాలామందికి అంకె తనంతట తనే దిగుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉండి తగ్గినవాళ్ళు ఆరు వారాలైనా ఆగాలి. పరీక్షకి ముందు రెండు రోజులు దాంపత్యం వద్దు. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సైకిలు తొక్కే అలవాటున్నవాళ్ళు ఆ వారానికి మానుకోవాలి. ప్రోస్టేట్ వాపుకి ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ వాడుతుంటే లాబులో తప్పకుండా చెప్పాలి. ఆరు నెలలో సంవత్సరమో వాడితే అవి పీఎస్ఏని సగానికి దించేస్తాయి. కాగితం మీద 3 అని ఉన్నది నిజానికి 6 అన్నమాట. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా రిపోర్టు చూసి "నార్మలే, ఏం ఫర్లేదు" అని పంపేసే చోట్లు నాకు తెలుసు.

రెండోసారి కూడా మొదట చేసిన లాబులోనే చేయించండి. మెషీన్ల కాలిబ్రేషన్‌లో, అంటే కొలతని ప్రమాణానికి సరిపెట్టడంలో, రెండు పద్ధతులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంతో కొలిచే అంకె, పాత హైబ్రిటెక్ పద్ధతిలో వచ్చేదానికన్నా అయిదో వంతు పైనే తక్కువ చూపిస్తుంది. గాజువాకలో 4.0 వచ్చింది ద్వారకానగర్‌లో 3.1 వస్తే రోగం తగ్గిందనుకోకూడదు, కొలిచే మెషీన్ మారి ఉండొచ్చు. ఇంకో మాట. మంటా జ్వరం ఏమీ లేకపోయినా, "ముందు ఈ యాంటీబయాటిక్ కోర్సు వాడి మళ్ళీ చేయించండి" అని కొందరు అలవాటుగా రాసేస్తారు. లక్షణాలు లేనప్పుడు పీఎస్ఏ దించడానికని యాంటీబయాటిక్ వాడమని ఇప్పటి మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు. మందు వాడకపోయినా దిగాల్సింది దిగుతుంది.

రెండోసారీ 4కి పైనే నిలిస్తే ఫ్రీ పీఎస్ఏ అక్కరకొస్తుంది. రక్తంలో పీఎస్ఏ రెండు రకాలుగా తిరుగుతుంది. కొంత వేరే ప్రోటీన్లని అంటిపెట్టుకుని, కొంత విడిగా. కాన్సర్ ఉన్నప్పుడు అంటుకున్న వాటా పెరిగి విడిగా ఉన్న వాటా తగ్గుతుంది. ఎందుకు అలా జరుగుతుందన్నది లోతైన కథ, మనకి శాతం చాలు. 1998లో అమెరికాలో జరిగిన ప్రసిద్ధ అధ్యయనం లెక్కలివి: పీఎస్ఏ 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్ళలో ఫ్రీ శాతం 10 లోపుంటే కాన్సర్ అవకాశం 56 శాతం, 25 దాటితే 8 శాతం. 25ని గీతగా పెట్టుకుని ఆ లోపున్నవాళ్ళకే బయాప్సీ చేస్తే 95 శాతం కాన్సర్లు దొరుకుతాయి, అనవసరమైన బయాప్సీల్లో అయిదోవంతు తప్పుతాయి. ఇవి అమెరికా మగవాళ్ళ లెక్కలు కాబట్టి దిశ చూసుకోవాలి గానీ అంకెకి అంకె మనకి అన్వయించకూడదు. ప్రోస్టేట్‌లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ శాతం కూడా పడిపోతుంది. కాబట్టి అది తగ్గాకే చేయించాలి. ఫినాస్టెరైడ్ లాంటి మందులు మొత్తాన్నీ ఫ్రీనీ కలిపే దించుతాయి గనక శాతం పెద్దగా చెడదు. మామూలు పీఎస్ఏ అంకెకి లేని సుగుణం ఇది.

అయితే ఫ్రీ పీఎస్ఏ సున్నితమైన వస్తువు. రక్తం తీశాక సుమారు మూడు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో గిరగిరా తిప్పి, పైన తేలే సీరం అనే ద్రవాన్ని వేరుచేసి చల్లగా పెట్టాలి. లేకపోతే విడిగా ఉన్న వాటా క్రమంగా తగ్గిపోతుంది, శాతం పడిపోతుంది, లేని భయం పుడుతుంది. మే నెలలో మధురవాడ నుంచో కూర్మన్నపాలెం నుంచో హోమ్ కలెక్షన్ కుర్రాడు బైకు మీద ఇంటింటికీ తిరిగి శాంపిల్స్ పోగుచేసుకుని మధ్యాహ్నానికి లాబుకి చేరితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. మామూలు పీఎస్ఏకి ఆ ఆలస్యం పెద్ద లెక్కలోది కాదు. ఫ్రీ పీఎస్ఏకి మాత్రం పొద్దున్నే స్వయంగా లాబుకి వెళ్ళి రక్తం ఇవ్వడమే మంచిది. "ఎన్నింటికి తిప్పుతారు బాబూ?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

పీహెచ్ఐ అంటే ప్రోస్టేట్ హెల్త్ ఇండెక్స్. ఇందులో మొత్తం పీఎస్ఏ, ఫ్రీ పీఎస్ఏ కాక మూడో ముక్క ఉంది. ఫ్రీ పీఎస్ఏలోనే కాన్సర్ వైపు ఎక్కువగా మొగ్గే పీ2పీఎస్ఏ అనే రూపాన్ని కొలుస్తారు. దాన్ని ఫ్రీ పీఎస్ఏతో భాగించి, మొత్తం పీఎస్ఏ వర్గమూలంతో గుణిస్తారు. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది, 50 ఏళ్ళు దాటి, వేలితో పరీక్షిస్తే అనుమానం కలగనివాళ్ళకి, పీఎస్ఏ అదే 4 నుంచి 10 మధ్య ఉంటే. పీహెచ్ఐ 27 లోపు వస్తే కాన్సర్ అవకాశం పదిశాతం దగ్గర, 36 నుంచి 55 దాకా మూడోవంతు, 55 దాటితే సగం. ఫ్రీ శాతం కన్నా ఇది మెరుగ్గా వడపోస్తుందని, ముఖ్యంగా దూకుడుగా పెరిగే రకాల్ని బాగా పసిగడుతుందని చాలా పరిశోధనలు చెప్పాయి. అది నిజమే.

కానీ ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒకాయనకి మొత్తం పీఎస్ఏ 6.25 నానోగ్రాములు, ఫ్రీ 0.9 నానోగ్రాములు, పీ2పీఎస్ఏ 18 పికోగ్రాములు అనుకోండి. ఫ్రీ శాతం 14.4. పైన చెప్పిన అధ్యయనంలో 10 నుంచి 15 మధ్య వాళ్ళకి అవకాశం 28 శాతం. పీహెచ్ఐ లెక్కేస్తే 18ని 0.9తో భాగిస్తే 20, 6.25కి వర్గమూలం 2.5, మొత్తం 50. అవకాశం 33 శాతం. ఇరవై ఎనిమిదికీ ముప్పై మూడుకీ మధ్య ఏ డాక్టరూ వేరే నిర్ణయం తీసుకోరు. ఈయనకి పీహెచ్ఐ మీద పెట్టిన ఖర్చు వృథా. పనికొచ్చేది ఫ్రీ శాతం ఎటూ తేలకుండా, 15కీ 25కీ మధ్య ఊగిసలాడుతున్నవాళ్ళకి. వాళ్ళలో పీహెచ్ఐ 27 లోపు వస్తే బయాప్సీ గురించి కాస్త ఆగి ఆలోచించవచ్చు. అదీ శాంపిల్ సరిగ్గా ఉంటేనే. పీ2పీఎస్ఏకి కూడా మూడు గంటల నియమమే, పైగా ఆలస్యమైతే అది తగ్గదు, పెరుగుతుంది. ఫ్రీ తగ్గి, పీ2పీఎస్ఏ పెరిగి, రెండు తప్పులూ కలిసి పీహెచ్ఐని పైకే నెడతాయి. సీరం ఇక్కడే వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపుతారా, మూడు ముక్కలూ ఒకే మెషీన్ మీద చేస్తారా అని అడిగి, తృప్తికరమైన జవాబు వస్తేనే డబ్బు కట్టండి.

ఫోర్‌కే స్కోర్ గురించీ స్టాక్‌హోమ్3 గురించీ ఇంటర్నెట్‌లో చదివి అడుగుతున్నారు. మొదటిది నాలుగు రకాల ప్రోటీన్లకి వయసు, పాత బయాప్సీ వివరాలు కలిపి ప్రమాదకరమైన కాన్సర్ అవకాశాన్ని శాతంగా చెబుతుంది. రెండోది ప్రోటీన్లకి జన్యు గుర్తుల్ని జోడిస్తుంది, స్వీడన్ సరుకు. రెండూ గట్టి పరీక్షలే, కానీ మన ఊళ్ళో డాక్టర్ల చీటీల్లో కనబడేవి కావు. వాటి కోసం వెతుక్కుంటూ నెలలు పోగొట్టుకోవద్దు.

ఖర్చులేని పరీక్ష ఒకటి మీ ఫైల్లోనే ఉండొచ్చు. ఎప్పుడో పొట్టకి అల్ట్రాసౌండ్ తీయించుకుంటే అందులో ప్రోస్టేట్ పరిమాణం సీసీల్లో రాసి ఉంటుంది. పీఎస్ఏని దానితో భాగించండి. పీఎస్ఏ 6, గ్రంథి 60 సీసీ అయితే 0.10. అదే పీఎస్ఏకి గ్రంథి 25 సీసీ అయితే 0.24. గీత 0.15 దగ్గర. మొదటాయనది పెద్ద గ్రంథి, అంత పీఎస్ఏ రావడం సహజం. రెండో ఆయన్ని మాత్రం ఆలస్యం చెయ్యకుండా యూరాలజిస్టు దగ్గరికి పంపాలి. పొట్ట మీంచి తీసిన స్కాన్‌లో కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది, అయినా ఈ భాగహారం చెప్పే మాట చాలా ఖరీదైన రిపోర్టుల కన్నా సూటిగా ఉంటుంది. ఎందుకో మన దగ్గర దీన్ని ఎవరూ కాగితం మీద వేసి చూపించరు.

వీటన్నిటి తర్వాత కూడా అనుమానం మిగిలితే, చేతిలో ఉన్న డబ్బు మరో రక్తపరీక్షకి కాదు, ప్రోస్టేట్ ఎమ్మారై స్కాన్‌కి పెట్టండి. 2017లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, ముందుగా ఎమ్మారై తీస్తే ముప్పున్న కాన్సర్లలో 93 శాతం కనబడ్డాయి. మామూలు బయాప్సీకి చిక్కినవి 48 శాతమే. నాలుగోవంతు పైగా మందికి బయాప్సీ తప్పించవచ్చని కూడా అందులో తేలింది. ఆ ఫిల్మ్ పట్టుకుని కేజీహెచ్ యూరాలజీకి వెళ్తారో, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రికి వెళ్తారో, ప్రైవేటుకి వెళ్తారో మీ వీలు.

చికిత్స అయిపోయినవాళ్ళు కూడా ఫ్రీ పీఎస్ఏ కావాలని వస్తుంటారు. వాళ్ళకి దాంతో పని లేదు. ఆపరేషన్‌తో గ్రంథి మొత్తం తీసేశాక మామూలు పీఎస్ఏ 0.2కి చేరి, మళ్ళీ చేసినా అలాగే ఉంటే డాక్టరుకి చూపించాలి. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో అది దిగిన అతి తక్కువ అంకె మీద 2 పెరిగితే తిరగబెట్టినట్టు లెక్క. అక్కడ వందల రూపాయల పరీక్షే చాలు, వేలు పోసేది అక్కర్లేదు.