‘ఓక్ ఆకు శిలాజం’ అని అమ్ముతున్న రాతి ముక్కలతో జాగ్రత్త

శిలాజాలు, ఖనిజాలు సేకరించే కర్నూలు మిత్రులందరికీ ఈ హెచ్చరిక. ఇటీవల ఒక విక్రేత నాకు రెండు ముక్కలను ‘ఓక్ ఆకు శిలాజం’ అనే చీటీతో అమ్మారు. ఒకటి బేతంచెర్ల ప్రాంతపు గనిలో దొరికిందనీ, మరొకటి విదేశం నుంచి తెప్పించిందనీ చెప్పారు. ఆ చీటీ రెండింటికీ తగదు. డబ్బు తిరిగి ఇమ్మంటే, విరిగిన ముక్కలకు పూచీ ఉండదన్నారు. పేరు చెప్పి, ఆ పేరుకే ధర వసూలు చేసినవారు ఇలా అనడం అన్యాయం.

బేతంచెర్ల ముక్క అసలు శిలాజమే కాదు. మన నాపరాళ్లు 50 కోట్ల ఏళ్లకు పైబడిన సున్నపురాళ్లు. ఓక్ చెట్ల జాతికి ఇప్పటివరకు దొరికిన అతి పాత ఆధారాలు సుమారు 5.6 కోట్ల ఏళ్ల నాటివి. ఆ రాయి మీద కొమ్మలుగా చీలిన నల్లని ఆకారం, పగుళ్ల వెంట నీరు ఇంకినప్పుడు మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు పేరుకుని ఏర్పడే డెండ్రైట్. దానికి నడిమి ఈనె గానీ, ఆకు అంచు గానీ ఉండవు. (మన ప్రాంతపు నిజమైన శిలాజాలు కావాలంటే వేంపల్లె సున్నపురాళ్లలోని స్ట్రొమటోలైట్లు ఉన్నాయి; సూక్ష్మజీవుల పొరలు కట్టిన ఆ రాళ్ల విలువ ఏ ఆకుకూ తీసిపోదు.)

రెండోది నిజంగానే ఆకు శిలాజం, మోసమంతా దాని పేరులో ఉంది. నడిమి ఈనె, కొన్ని పక్క ఈనెలు, ఒక వైపు కొంత అంచు మాత్రమే మిగిలిన ఆ ముక్కను చూసి ఓక్ అని తేల్చడం కుదరదు, ఎందుకంటే పక్క ఈనెలు సమాంతరంగా సాగి అంచు పళ్లలోకి చేరే తీరు చెస్ట్‌నట్ ఆకుల్లోనూ ఉంటుంది, పైగా ఓక్ జాతుల్లోనే కొన్నింటి ఆకులకు తమ్మెలు (అంచున చెవి తమ్మెల్లా బయటికి పొడుచుకొచ్చిన పెద్ద భాగాలు) ఉంటే, కొన్నింటికి పళ్లు ఉంటాయి, మరికొన్నింటికి అంచు నున్నగా ఉంటుంది. ఆకు అడుగు భాగం, చివర, అంచు, సన్నని అడ్డ ఈనెల అల్లిక ఇవన్నీ కలిసి కనబడాలి. పైపొర నిలిచి ఉంటే సూక్ష్మదర్శినిలో పత్రరంధ్రాలను, నూగును కూడా పోల్చి చూడాలి. ఇవేవీ లేనప్పుడు ‘పుష్పించే మొక్క ఆకు, అసంపూర్ణం’ అని రాయడమే నిజాయతీ.

అంతకంటే బాధ కలిగించినది ఆ అంచు. భూతద్దం పెట్టి, ఏటవాలు వెలుగులో చూస్తే రెండు తమ్మెలు పరికరంతో చెక్కినవని తెలిసింది: గాట్లలో తెల్లని రాతిపొడి ఉంది, వాటిలోకి ఏ ఈనె కూడా వెళ్లడం లేదు. ఓక్ ఆకులో ప్రతి పెద్ద తమ్మెలోకీ ఒక పక్క ఈనె చేరుతుంది. అసిటోన్‌లో తడిపిన దూదితో తుడిస్తే గోధుమ రంగు కూడా దూదికే అంటింది, అంటే అది పైన పూసిన రంగే.

కొనేముందు దొరికిన చోటు, రాతి పొర పేరు రాతపూర్వకంగా అడగండి, ఏటవాలు వెలుగులో తీసిన దగ్గరి ఫోటోలు అడగండి, ఇవ్వకపోతే కొనకండి. బిల్లును, చీటీని దాచుకోండి. నాలాగే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.