హోమ్ లోన్ ఎలిజిబిలిటీ లెక్క: డెల్టాలో ఎంతవరకు నమ్మొచ్చు?

భీమవరమైనా, పాలకొల్లైనా, అమలాపురమైనా హోమ్ లోన్ కోసం బ్యాంకు మెట్లెక్కితే మొదట పడే ప్రశ్న ఒకటే: "చేతికి ఎంతొస్తుందండీ?" రెండు నిమిషాల్లో కంప్యూటర్లో ఓ అంకె తేలుతుంది. "మీకు ముప్పై దాకా వస్తుందండీ" అంటారు. ఆ సాయంత్రం నుంచే ముప్పై లక్షల లోను దొరికే ఇల్లు వెతకడం మొదలవుతుంది. ఏ బ్యాంకు వడ్డీ తక్కువో పోల్చే రాతలు బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి పోవడం లేదు. ఈ సమీక్ష ఆ ముప్పై అనే అంకె గురించి. అది ఎక్కణ్ణుంచి పుడుతుంది, ఎవరికి సరిపోతుంది, ఎవరిని ముంచుతుంది, ఆదాయానికి ఇన్ని రెట్లు మించి ఇవ్వకూడదని ఓ హద్దు గీస్తే బాగుపడుతుందా అన్నదే ఇక్కడ చూసేది.

ముందు లెక్క. చేతికొచ్చే జీతంలో సుమారు సగం దాకా కిస్తీలకు పోవచ్చని బ్యాంకు అనుకుంటుంది. దీన్నే వాళ్లు ఎఫ్‌ఓఐఆర్ అంటారు. ఆదాయాన్ని బట్టి 40 నుంచి 60 శాతం మధ్య మారుతుంది. నెలకు 50,000 వస్తే 25,000. ఇందులోంచి బైకు లోను, పర్సనల్ లోను కిస్తీలు తీసేసి మిగిలినదాన్ని లక్షకు పడే ఈఎంఐతో భాగిస్తారు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే లక్షకు రూ.868, 30 ఏళ్లయితే రూ.769. పాత కిస్తీలేమీ లేకపోతే మొదటి పద్ధతిలో 28.8 లక్షలు, రెండో పద్ధతిలో 32.5 లక్షలు వస్తాయి. ఏడాదికి చేతికొచ్చే ఆరు లక్షల మీద చూస్తే 4.8 రెట్లు, 5.4 రెట్లు.

ఇక్కడే మెలిక ఉంది. అదే జీతానికి వడ్డీ 7 శాతానికి దిగి, గడువు 30 ఏళ్లయితే లక్షకు రూ.665 పడుతుంది. అప్పుడు లోను 37.6 లక్షలు, అంటే 6.3 రెట్లు. జీతం ఒక్క రూపాయి పెరగలేదు, అప్పు తెచ్చుకునే శక్తి మాత్రం తొమ్మిది లక్షలు పెరిగింది. వడ్డీ తగ్గిన కాలంలో ఈ లెక్క ఎక్కువ అప్పు ఇస్తుంది. తర్వాత వడ్డీ పెరిగితే ఆ ఎక్కువ అప్పు మీదే పెరుగుతుంది.

పెరిగితే ఏమవుతుందో ఒక్క లోను దగ్గరగా చూద్దాం. 30 లక్షలు, 6.7 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ రూ.22,722. సగం లెక్కన తీసుకున్నవాళ్ల జీతం సుమారు 45,450, అంటే అప్పు వార్షిక ఆదాయానికి 5.5 రెట్లు. ఏడాది కట్టాక అసలు 29.26 లక్షలు మిగులుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ, 4 శాతం నుంచి 6.5కి వెళ్లింది. రెపోకి ముడిపెట్టిన లోన్లన్నీ ఆ రెండున్నర శాతం మోశాయి. మన లోను 9.2కి చేరితే నెల వడ్డీయే రూ.22,433. కట్టే 22,722లో అసలుకు జమయ్యేది మూడు వందలు కూడా కాదు. ఈఎంఐ మార్చకుండా గడువు పొడిగిస్తే తీరడానికి ఇంకా 47 ఏళ్లు దాటుతుంది. గడువు అలాగే ఉంచాలంటే ఈఎంఐ సుమారు రూ.27,200 కావాలి. జీతంలో అరవై శాతం.

అదే మనిషి వార్షిక ఆదాయానికి నాలుగు రెట్ల దగ్గర ఆగి ఉంటే లోను 21.8 లక్షలు, ఈఎంఐ సుమారు 16,520. రేటు అలాగే పెరిగినా కట్టాల్సింది 19,800 లోపే. జీతంలో 44 శాతం కూడా దాటదు. బిగువుగానే ఉంటుంది గానీ పిల్లల ఫీజు ఆగదు.

ఈ గడువు పొడిగింపుల గొడవ వల్లే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఓ సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, కొంత ముందే కట్టెయ్యాలా, బ్యాంకు వీలిస్తే ఫిక్స్‌డ్ రేటుకు మారాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలి. అడగకుండా గడువు సాగదీసి ఓ ఎస్ఎంఎస్‌తో సరిపెడితే, ఈ నిబంధన చెప్పి బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.

మన దేశంలో రిజర్వ్ బ్యాంకు గీసిన గట్టి గీత ఆస్తి విలువ మీద ఉంది. లోను 30 లక్షల దాకా అయితే విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80, ఆపైన 75. ఆదాయానికి ఇన్ని రెట్లు అనే గీత మాత్రం లేదు, అది బ్యాంకుల ఇష్టానికే వదిలేశారు. బయటి దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కమిటీ పెట్టిన హద్దు ప్రకారం కొత్త ఇంటి రుణాల్లో ఆదాయానికి 4.5 రెట్లు, అంతకుమించి ఉండేవి 15 శాతం దాటకూడదు. ఐర్లండ్ 2015లో 3.5 రెట్లతో మొదలుపెట్టి, 2023 నుంచి మొదటి ఇల్లు కొనేవాళ్లకు నాలుగు చేసింది. న్యూజిలాండ్ 2024 జులై నుంచి ఇంకో అడుగు ముందుకేసి ఇంటి లోను ఒక్కటే కాకుండా మనిషికున్న మొత్తం అప్పును చూస్తోంది. సొంతంగా ఉండేవాళ్లకు ఆరు రెట్లు, పెట్టుబడికి కొనేవాళ్లకు ఏడు రెట్లు దాటిన లోన్లు కొత్త లోన్లలో 20 శాతం మించకూడదు. అక్కడ రెట్లు కట్టేది పన్నుకు ముందు ఆదాయం మీద. పైన నేను వేసింది చేతికొచ్చే జీతం మీద. రెండూ పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా మరవొద్దు.

మన డెల్టాకి పనికొచ్చేది న్యూజిలాండ్ పద్ధతే అనిపిస్తుంది. ఎందుకో చూడండి. నలభై లక్షల ఫ్లాటు, మొత్తం ధర దస్తావేజులోనే రాశారనుకుందాం. బ్యాంకు 80 శాతం, 32 లక్షలు ఇస్తుంది. చేతి నుంచి ఎనిమిది లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, మూడు లక్షలు. వీటిని ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వరు. మొత్తం పదకొండు లక్షలు కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇంట్లో బంగారం మీద ఆరు, తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఐదు. ఆ ఐదు లక్షల మీద నెలకు పదివేలు వడ్డీ. అది అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో కనపడదు, బ్యాంకు లెక్కలోకి రాదు. బంగారం లోను ఏడాది చివర ఒక్కసారి కట్టేదైతే నెలవారీ కిస్తీ సున్నా కాబట్టి చాలాచోట్ల అదీ లెక్కలోంచి జారిపోతుంది. బ్యాంకు కాగితం మీద సగం జీతం మిగిలిన మనిషికి ఇంట్లో పాల డబ్బులు కూడా మిగలవు. ఇక దస్తావేజులో ధర తగ్గించి రాస్తే బ్యాంకు ఆ తక్కువ విలువనే చూస్తుంది, చేతి నుంచి పెట్టాల్సింది ఇంకా పెరుగుతుంది.

అసలు సమస్య ఆదాయం అనే అంకెతో. ప్రభుత్వోద్యోగికి, టీచరుకి పే స్లిప్ ఉంటుంది, లెక్క సాఫీగా సాగుతుంది. మరి వనామీ రొయ్యల చెరువు చేసేవాళ్ల సంగతేంటి? పంట మూడు నాలుగు నెలలు. వైట్ స్పాట్ తెగులు తగిలితే మేత డబ్బులు కూడా రావు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఆ దెబ్బ నేరుగా చెరువుగట్టు మీదికే వచ్చింది. బాగా పండిన రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూసి వేసిన లోను మూడో ఏడు గొంతుకు చుట్టుకుంటుంది. ఇలాంటివాళ్లకు కనీసం మూడేళ్ల సగటు తీసి, అందులో బాగా తగ్గిన ఏడాదిని విడిగా చూడాలి. ఆ తగ్గిన ఏడాది ఆదాయంలో ఈఎంఐలు సగం దాటితే లోను పెద్దదైనట్టే.

వరి, కొబ్బరి ఆదాయం వ్యవసాయాదాయం, పన్ను లేదు. కాబట్టి చాలామంది రిటర్నే వెయ్యరు. సార్వా, దాళ్వా రెండూ పండించే కౌలు రైతుకు పాసు పుస్తకం కూడా తన పేర ఉండదు. ఏ రెట్ల సూత్రం పెట్టినా ఈ మనిషికి బ్యాంకు తలుపు తెరుచుకోదు. పాసు పుస్తకం ఉన్న రైతుకు మాత్రం కొన్ని బ్యాంకుల పథకాల్లో నెలకు బదులు మూణ్ణెల్లకో, ఆర్నెల్లకో, పంట చేతికొచ్చే వేళకు కిస్తీ పెట్టుకునే వీలుంది. అడిగితేనే చెబుతారు, కాబట్టి అడగండి.

చిన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఈ ఖాళీలోనే వ్యాపారం చేస్తున్నాయి. రిటర్ను లేకపోయినా ఫీల్డ్ ఆఫీసరు కొట్టు దగ్గరికొచ్చి, సరుకు చూసి, రోజు అమ్మకం అడిగి ఓ ఆదాయం రాసుకుంటారు. వడ్డీ 14 శాతం, గడువు 15 ఏళ్లు అనుకుంటే లక్షకు రూ.1,332. సగం ఆదాయం లెక్కనే చూసినా లోను 3.1 రెట్ల దగ్గర ఆగుతుంది. అంటే ఇక్కడ రెట్ల హద్దు పెట్టినా ఏమీ మారదు, ఆ వడ్డీయే హద్దు గీసేసింది. మోసం జరిగేది ఆదాయం రాసే గడిలో. టార్గెట్ ఉన్న చెయ్యి 30,000ని 45,000 చేస్తే ఎన్ని రెట్లన్న చర్చే దండగ. ఆ ఫారం కాపీ అడిగి తీసుకోండి. మీ పేరున రాసిన ఆదాయం మీరే చూడకపోతే ఎలా?

హద్దు వద్దనేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. నాలుగు రెట్లు అని గోడ కడితే ముప్పై ఏళ్ల కుర్రాడు, రేపు జీతం పెరిగేవాడు, ఇవాళ ఆగిపోతాడు. లేదా తక్కువపడ్డ ఆరు లక్షలకు నోటు రాస్తాడు. బ్యాంకు ఎనిమిదిన్నరకు ఇచ్చేది బయట ఇరవై నాలుగు శాతానికి తెచ్చుకోవడం ఇంకా ఘోరం. అందుకే అందరికీ ఒకే గోడ కాకుండా, బ్రిటన్‌లోలా కొత్త లోన్లలో ఇంత శాతం మాత్రమే దాటొచ్చు అన్న పద్ధతి నయం. స్థిరమైన ఉద్యోగం, పెరిగే జీతం ఉన్నవాళ్లకు ఆ వాటా దక్కుతుంది. ఆదాయం ఊగిసలాడేవాళ్లకు దక్కకూడదు. నా ఓటు నాలుగున్నర రెట్లకు, చేతికొచ్చే ఆదాయం మీద, బంగారం లోనూ నోటూ కలిపి.

మిగతా ప్యాకేజీలో చూడాల్సినవి రెండు మూడున్నాయి. లోనుతో పాటు అంటగట్టే ఇన్సూరెన్సు ఒకటి. లక్ష ప్రీమియాన్ని లోనులోనే కలిపేస్తే 8.5 శాతానికి 20 ఏళ్లలో కట్టేది రెండు లక్షల ఎనిమిది వేలు. టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటే నయం. ఇల్లు కట్టుకునే లోనయితే డబ్బు దశలవారీగా వస్తుంది, అదీ మీ వాటా ముందు ఖర్చయ్యాక. మన నల్లరేగడిలో, పాత చేల మీద వేసిన సైట్లలో మెరకకీ పునాదికీ పోయేది ఎక్కువ. చేతిలో డబ్బంతా భూమిలోకి వెళ్లాక మొదటి విడత కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఎస్టిమేటు వేయించేటప్పుడే ఇంజినీరుతో మెరక, పునాది విడివిడిగా రాయించండి. స్థలం డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) అయినా, రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉన్నా జీతం ఎంతున్నా లోను రావడం కష్టం. కాబట్టి ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మార్కుల సంగతికొస్తే, పే స్లిప్ ఉన్నవాళ్లకు ఈ ఎలిజిబిలిటీ లెక్క పదికి ఆరు. వ్యాపారులకు నాలుగు. చెరువుల వాళ్లకు రెండు, ఆ రెండూ రిటర్నులు సరిగ్గా వేసినవాళ్లకే. ఫ్లోటింగ్ రేటు మీద ముందే కట్టేస్తే జరిమానా లేకపోవడం ఈ సరుకులో అన్నిటికంటే మంచి గుణం. మంచి పంట వచ్చిన ఏడు రెండు లక్షలు అసలుకు జమ చేసి, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాసివ్వండి. ఆ మాట రాయకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి గడువు అలాగే వదిలేస్తున్నారు. మొత్తం తీర్చాక అసలు దస్తావేజులు 30 రోజుల్లో మీ చేతికి రావాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 చొప్పున ఇవ్వాలి. 2023 డిసెంబరు నుంచి అదీ నిబంధనే.