పొడవాటి వైద్య పదాలను విడదీసి పలికించే యాప్: సమీక్ష

కోలెసిస్టెక్టమీ, గ్యాస్ట్రోఎంటెరాలజీ వంటి మాటలు ఎదురైనప్పుడు చాలామంది విద్యార్థులు మొదటి రెండు అక్షరాలు గట్టిగా పలికి మిగతాది మింగేస్తారు. ఆ ఇబ్బంది తీర్చడానికి తయారైన ఈ ఉచ్చారణ యాప్‌ను నేను కొంతకాలంగా వాడుతున్నాను. లోపాలు ఉన్నప్పటికీ, నర్సింగ్, ఫార్మసీ చదువుల్లో కొత్తగా చేరినవారికి ఇది తప్పక పనికివస్తుంది.

దీని బలమంతా పదాన్ని విడదీసే పద్ధతిలోనే ఉంది. తెర మీద పదం ముక్కలుగా విడిపోతుంది, ఏ ముక్క మీద వేలు పెడితే ఆ ముక్క వినిపిస్తుంది. అర్థం చెప్పేటప్పుడు మాత్రం చివరి ముక్కతో మొదలుపెడుతుంది: ‘ఎక్టమీ’ అంటే కోసి తీసివేయడం, ‘కోలె’ అంటే పిత్తం, ‘సిస్ట్’ అంటే సంచి అని వరుసగా తెలిసేసరికి, అది పిత్తాశయాన్ని తొలగించే శస్త్రచికిత్స అని ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది. ‘ఆటమీ’ అంటే కోత పెట్టడం, ‘ఆస్టమీ’ అంటే కొత్తగా ద్వారం ఏర్పరచడం. ఈ మూడింటినీ ఒకేచోట చూపడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే వీటిని తారుమారు చేస్తే రోగికి చేసిన చికిత్సే మారిపోయినట్లు నమోదవుతుంది. కడుపును సూచించే ‘గ్యాస్ట్రో’లోని ‘ఓ’ అచ్చు గ్యాస్ట్రైటిస్‌ (కడుపు లోపలి పొర వాపు)లో పోయి, గ్యాస్ట్రోఎంటెరాలజీలో ఎందుకు నిలిచిందో కూడా వివరించారు: అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ముందు అది లోపిస్తుంది, రెండు మూలపదాల నడుమ మాత్రం నిలుస్తుంది.

ఒత్తి పలకడం గురించిన పాఠం చిన్నదే అయినా విలువైనది. ‘ఆలజీ’, ‘ఎక్టమీ’లతో ముగిసే పదాల్లో చివరి నుంచి మూడో అక్షరాన్నీ, ‘ఐటిస్’తో ముగిసే వాటిలో చివరి నుంచి రెండో అక్షరాన్నీ (‘ఐ’ని) ఒత్తి పలకాలని ఒకసారి పట్టుబడితే, ఎన్నడూ చూడని పదాన్ని కూడా ధైర్యంగా చదవవచ్చు.

పదాలను వెతికే ఏర్పాటు మామూలుగానే ఉంది. అసలు లోపం రికార్డింగుల్లో ఉంది. మింగడంలో ఇబ్బందిని తెలిపే డిస్‌ఫేజియా (dysphagia), మాటలో ఇబ్బందిని తెలిపే డిస్‌ఫేజియా (dysphasia) వేర్వేరు పాఠాల్లో ఉండడం వల్ల, వాటి నడుమ ఉన్న ‘జ’కార భేదం చెవికి అందదు. చిన్నపేగు చివరి భాగమైన ఇలియమ్ (ileum), తుంటి ఎముక పైభాగమైన ఇలియమ్ (ilium) పలుకుబడిలో ఒకటే కాబట్టి వాటిని స్పెల్లింగుతో కలిపి చూపాలి. ఇక్కడ ఆ హెచ్చరికే లేదు. తరువాతి కూర్పులో ఇలాంటి జంటలన్నిటినీ పక్కపక్కన పెట్టి వినిపించాలని తయారీదారులను కోరుతున్నాను.