ఇప్పుడే కొనాలా, ఆగాలా? రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ బాండు, ఎన్‌ఎస్‌సీలలో ఏది మేలు?

బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి ఆరు లక్షల రూపాయలు చేతికి వచ్చిన మా మేనమామ మొన్న ఫోన్ చేశారు. ఆయన 72 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయులు. ప్రభుత్వ బాండ్లు, పోస్టాఫీసు పథకాలు తప్ప మరొకటి ముట్టుకోరు. “రేట్లు తగ్గుతాయంటున్నారు కదరా, ఇప్పుడే కొనమంటావా, కొన్నాళ్లు ఆగమంటావా?” అన్నది ఆయన సందేహం. ఏ పథకం గురించి అడుగుతున్నారో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. ఎందుకంటే కొన్న తేదీకి ఒక పథకంలో ఎంతో విలువ ఉంటే, మరో పథకంలో దాదాపు ఏమీ ఉండదు.

జాతీయ పొదుపు పత్రం, అంటే అందరూ ఎన్‌ఎస్‌సీ అనేది, అయిదేళ్ల పథకం. కొన్న రోజున ఏ రేటు అమలులో ఉందో అదే అయిదేళ్లూ వర్తిస్తుంది. ఆ తరువాత ప్రభుత్వం రేటు పెంచినా తగ్గించినా మన పత్రానికి సంబంధం లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ రేటు 7.7 శాతంగా ఉంది. వడ్డీ ఏటా అసలులో కలుస్తూ, లక్ష రూపాయలు అయిదేళ్లకు సుమారు 1,44,903 రూపాయలు అవుతాయి.

రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు సేవింగ్స్ బాండు కథ వేరు. అప్పటిదాకా ఉన్న 7.75 శాతం స్థిర వడ్డీ బాండ్లను 2020 మే నెలాఖరులో ఆపేసి, వాటి స్థానంలో ప్రభుత్వం 2020 జులై 1న దీన్ని తెచ్చింది. గడువు ఏడేళ్లు. ఎన్‌ఎస్‌సీ రేటుకు 0.35 శాతం కలిపి, ఏటా జనవరి 1న, జులై 1న దీని రేటును మళ్లీ నిర్ణయిస్తారు. ఆ కొత్త రేటు ఆ రోజు కొన్నవారికి మాత్రమే కాక, నాలుగేళ్ల కిందట కొన్నవారికీ వర్తిస్తుంది. 2020లో 7.15 శాతం దగ్గర కొన్నవారికి 2023 జనవరి నుంచి 7.35, ఆ ఏడాది జులై నుంచి 8.05 శాతం వచ్చింది. 2023 జులైలో కొత్తగా చేరినవారికీ అంతే వచ్చింది. “అప్పుడు తొందరపడ్డాను, ఇంకో మూడేళ్లు ఆగి ఉంటే ఎక్కువ వడ్డీ వచ్చేది” అని ఈ బాండు పట్టుకున్నవారెవరూ అనుకోవలసిన పని లేదు. కనుక రేటు కోసం ఈ బాండు కొనుగోలు వాయిదా వేయడంలో అర్థం లేదు. ఎన్‌ఎస్‌సీ విషయంలో మాత్రం ఆ ప్రశ్నకు బలం ఉంది.

ఎంత బలం ఉందో 2020 వసంతం చూపించింది. ఆ ఏడాది మార్చి 31 దాకా ఎన్‌ఎస్‌సీ రేటు 7.9 శాతం, మరునాడు, ఏప్రిల్ 1న, అది 6.8కి పడిపోయింది. మార్చిలో పెట్టిన లక్ష అయిదేళ్లకు 1,46,254 అయితే, ఏప్రిల్‌లో పెట్టిన లక్ష 1,38,949 దగ్గర ఆగింది. ఒక్క రోజు తేడాకు లక్షకు ఏడువేల మూడువందలు పోయాయన్నమాట. ఆ మరుసటి ఏడాది ఇంకా విచిత్రం జరిగింది. 2021 మార్చి 31న ఆర్థిక శాఖ ఎన్‌ఎస్‌సీని 6.8 నుంచి 5.9కి తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చి, తెల్లవారేసరికి దాన్ని వెనక్కి తీసుకుంది. పొరపాటున వెలువడిన ఉత్తర్వు అని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఎన్నికల వేళ కాబట్టి వెనక్కి తగ్గారని చాలామంది అనుకున్నారు. కారణం ఏదైనా, ఈ రేట్లు లెక్కల పుస్తకం ఒక్కటే చూసి నిర్ణయమయ్యేవి కావని ఆ రాత్రి అందరికీ తెలిసివచ్చింది.

లెక్కల పుస్తకం మాత్రం ఉంది. 2011లో శ్యామలా గోపీనాథ్ కమిటీ సూచించిన పద్ధతి ప్రకారం, అదే కాలవ్యవధి గల ప్రభుత్వ సెక్యూరిటీల, అంటే ప్రభుత్వం అప్పు తెచ్చుకునే పత్రాల, రాబడికి కొంత కలిపి చిన్న మొత్తాల పొదుపు రేట్లను నిర్ణయించాలి. ఎన్‌ఎస్‌సీకి అలా కలిపేది పావు శాతం. 2016 ఏప్రిల్ నుంచి మూడు నెలలకోసారి సమీక్ష జరుగుతోంది. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించింది, బ్యాంకులు డిపాజిట్ రేట్లు తగ్గించాయి, ప్రభుత్వ సెక్యూరిటీల రాబడి కూడా దిగింది. అయినా ఆ ఏడాది పొడవునా ఎన్‌ఎస్‌సీ 7.7 దగ్గరే కదలకుండా కూర్చుంది. సూత్రం ప్రకారం పోతే ఎప్పుడో తగ్గవలసిన రేటు ఇది. ఇక్కడినుంచి పెరగడం కంటే తగ్గడానికే అవకాశం ఎక్కువని నా అంచనా, అయితే ఏ త్రైమాసికంలో అన్నది చెప్పగలిగినవారు నాకు తారసపడలేదు.

మరి తగ్గుతుందనుకుంటే రెండింటిలో దేన్ని పట్టుకోవాలి? చేతికి అందే లెక్క ఒకటి వేసి చూద్దాం. నేడు బాండు కొంటే 8.05, ఎన్‌ఎస్‌సీ కొంటే 7.7. ఏడాది తరువాత ఎన్‌ఎస్‌సీ రేటును ప్రభుత్వం 7.3కి దించిందనుకుంటే, బాండుకు మొదటి ఏడు 8.05, తరువాత నాలుగేళ్లు 7.65 వస్తుంది, సగటు 7.73. ఇంచుమించు సమానం. అదే 7కి దించితే బాండు సగటు 7.49కి పడిపోతుంది, ముందే 7.7 దగ్గర ఎన్‌ఎస్‌సీ కట్టుకున్నవారిది పైచేయి అవుతుంది. అంటే కోత 0.4 శాతం లోపు అయినా, ఆలస్యంగా వచ్చినా బాండు మేలు. కోత పెద్దదీ తొందరగా వచ్చేదీ అయితే ఎన్‌ఎస్‌సీ మేలు. ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో ఎన్‌ఎస్‌సీ రేటు మారితే బాండుకు ఆ మార్పు జులై లేదా జనవరి దాకా తగలదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌సీ 7.7కి పెరిగినా, బాండుదారులకు జూన్ ఆఖరుదాకా 7.35 శాతమే దక్కింది. పెరిగేటప్పుడు నష్టంగా తోచే ఈ మూడు నెలల జాప్యం, తగ్గేటప్పుడు మనకు కలిసివస్తుంది.

రేటు పెరుగుతుందేమోనని ఎన్‌ఎస్‌సీ కొనకుండా ఆగేవారు తమ ఆగడానికి అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకోరు. లక్ష రూపాయలను 2.5 శాతం ఇచ్చే సేవింగ్స్ ఖాతాలో మూడు నెలలు ఉంచితే 625 రూపాయలు వస్తాయి. అదే ఎన్‌ఎస్‌సీలో ఉంటే 1,925. అంటే పోయింది 1,300. మూడు నెలల తరువాత రేటు 7.9కి పెరిగినా, అయిదేళ్లకు అదనంగా వచ్చేది 1,351 రూపాయలు, అదీ అయిదేళ్ల తరువాత. 0.2 శాతం పెంపు తప్పక వస్తుందని తెలిసినా మూడు నెలలు కాచుకుని కూర్చున్నందుకు మిగిలేది దాదాపు సున్నా. త్రైమాసికం చివరి నాలుగైదు రోజుల్లో ఆగడం వేరు; దానికి లక్షకు సుమారు డెబ్బై రూపాయలకు మించి ఖర్చు కాదు. అయితే ఆ ఆగడం పెరుగుతుందన్న నమ్మకం ఉన్నవారికే. తగ్గుతుందన్న భయం ఉన్నవారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకూడదు, అది చాలాసార్లు త్రైమాసికం ఆఖరి రోజునే, పోస్టాఫీసు కౌంటర్లు మూసే వేళకు వెలువడుతుంది.

రేటు పక్కన పెడితే మిగతా తేడాలు త్వరగా చెప్పుకోవచ్చు. బాండుపై వడ్డీ ఆరునెలలకోసారి ఖాతాలో పడుతుంది, కూడబెట్టే వీలు లేదు. కాబట్టి నెలసరి ఖర్చులకు ఆదాయం కావలసినవారికి బాండు, పిల్లల చదువుకో పెళ్లికో ఒకేసారి మొత్తం కావలసినవారికి ఎన్‌ఎస్‌సీ. రెండింటి వడ్డీకీ ఆదాయపు పన్ను ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఎన్‌ఎస్‌సీ పెట్టుబడిపై పన్ను మినహాయింపు దొరుకుతుంది, కొత్త విధానంలోకి మారినవారికి ఆ ఆకర్షణ లేదు. ఎన్‌ఎస్‌సీని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. బాండును తాకట్టు పెట్టలేము, అమ్మలేము. ప్రవాస భారతీయులు బాండు కొనడానికి అర్హులు కారు; అమెరికాలోని కొడుకు డబ్బు పంపినా బాండు ఇక్కడి తల్లిదండ్రుల పేరు మీదే ఉండాలి.

బాండు ఏడేళ్లన్నది అసలైన అభ్యంతరం. అరవై దాటినవారికి మాత్రం ముందుగా తీసుకునే సౌకర్యం ఉంది: 60 నుంచి 70 ఏళ్లవారికి ఆరేళ్ల తరువాత, 70 నుంచి 80 వారికి అయిదేళ్ల తరువాత, 80 దాటినవారికి నాలుగేళ్ల తరువాత. అలా తీసుకుంటే చివరి ఆరునెలల వడ్డీలో సగం కోత పడుతుంది, అంటే 8.05 రేటు దగ్గర లక్షకు సుమారు రెండువేలు. మా మామయ్య వయసుకు ఈ బాండు కూడా ఎన్‌ఎస్‌సీలాగే అయిదేళ్లదే అవుతుంది కాబట్టి, ఆయన విషయంలో పోలిక సరిసమానమైన గడువుల మధ్యనే.

నిజానికి ఆయనకు ఈ రెండూ కాదు, సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ముందు వరుసలో నిలుస్తుంది. దాని రేటు 8.2 శాతం, వడ్డీ మూడు నెలలకోసారి, పరిమితి 30 లక్షలు, పైగా చేరిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. రేట్లు దిగుతాయన్న భయం ఉన్నవారికి ఇంతకంటే మంచి బిగింపు మరెక్కడా లేదు. ఒకవేళ రేట్లు ఎదురు తిరిగి పెరిగినా, రెండేళ్లు దాటాక అసలులో ఒక్క శాతం వదులుకుని మూసివేసి, కొత్త రేటుకు మళ్లీ చేరవచ్చు. ఆయన ఖాతాలో ఇంకా నాలుగు లక్షలకు చోటు ఉంది. ఆ నాలుగూ అందులో, మిగిలిన రెండూ ఫ్లోటింగ్ బాండులో పెట్టమన్నాను. అరవై లోపువారు అడిగి ఉంటే, అయిదేళ్లలో డబ్బు అవసరమైతే ఎన్‌ఎస్‌సీ, ఏడేళ్లు ఆగగలిగితే సగం సగం అని ఉండేవాణ్ని.

“సరే, మార్చి ముప్ఫైన చెక్కు ఇస్తే సరిపోతుందిగా?” అన్నారు మామయ్య. సరిపోదు. పోస్టాఫీసు పథకాల్లో చెక్కు ఇచ్చిన తేదీ లెక్కలోకి రాదు, ఆ సొమ్ము ప్రభుత్వ ఖాతాకు చేరిన రోజే ఖాతా తెరిచిన రోజు. ముప్ఫైన ఇచ్చిన చెక్కు ఏప్రిల్‌లో క్లియర్ అయితే, అప్పటికి ఉన్న రేటే రాసి ఇస్తారు. ఆయన ఆ వారమే డబ్బును పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలోకి మళ్లించి పెట్టుకున్నారు, చెక్కుతో పని లేకుండా.