తాతగారి సైనిక రికార్డులు లండన్ నుంచి తెప్పిస్తామనే వారితో జాగ్రత్త

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతగారి సర్వీసు రికార్డు, పతకాల వివరాలు లండన్ నుంచి తెప్పిస్తామని ప్రకటనలు ఇచ్చే ఏజెంట్లకు డబ్బు కట్టాలని అనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే నిర్ణయించుకోండి. మా కుటుంబం ఇలాంటి ఒక ఏజెంటుకు ₹9,500 చెల్లించింది. ఆ డబ్బు పోయినందుకు బాధ ఉంది. దానికన్నా ఎక్కువ బాధ, ఇంకెవరో సైనికుడి మరణాన్ని మా తాతగారి జీవితానికి అతికించి, సీలు వేసి పంపినందుకు.

మా అమ్మ నాన్నగారు పయనీర్ కోర్‌లో చేరి, బర్మా సరిహద్దు వైపు సైన్యానికి రోడ్లు వేసే పనిలో ఉన్నారు. ఆయన తరవాత ఇంట్లో మిగిలినవి మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి సర్టిఫికెట్టు, రెండు పతకాలు. ఎనభై దాటిన మా పెదమామయ్యకు తన తండ్రి ఏ కంపెనీలో ఎక్కడెక్కడ పనిచేశారో తెలుసుకోవాలని ఎంతో కోరిక. పూర్తి సర్వీసు చరిత్ర, పతకాల జాబితా, ధ్రువపత్రం అన్నీ ఇస్తామని ఏజెంటు మాట ఇచ్చాడు. కొన్ని వారాలకు రంగురంగుల నివేదిక వచ్చింది. సగం పేజీల నిండా బర్మా యుద్ధం గురించి ఏ పుస్తకంలోనైనా దొరికే చరిత్రే. అసలు విషయం ఉన్న పేజీలో, మా తాతగారు 1944లో చనిపోయారని, రంగూన్ స్మారకం మీద ఆయన పేరు చెక్కి ఉందని రాశారు. మా అమ్మ పుట్టింది 1951లో. తాతగారు ఆ తరవాత కూడా చాలా ఏళ్లు బతికారు.

ఇలా ఎలా జరిగిందో తెలిస్తే, మీకు వచ్చిన నివేదికను మీరే పరీక్షించుకోవచ్చు. ఆ వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉన్నవే. ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వెతికి చూసుకోవచ్చు. అయితే ఆ కమిషన్ దగ్గర ఉన్నది యుద్ధ మృతుల జాబితా మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు చనిపోయినవారే అందులో ఉంటారు. ప్రాణాలతో ఇంటికి తిరిగొచ్చిన సైనికుడు ఆ జాబితాలో ఉండడు. టౌక్యాన్ శ్మశానవాటికలోని రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. వారిలో ఎక్కువమంది భారత సైన్యంవారే. అన్ని పేర్ల మధ్య వెంకటస్వామి, సత్యనారాయణ లాంటి పేరుతో ఇంకొకరు దొరకడం ఏమంత కష్టం? ఏజెంటు చేసిందల్లా పేరు కొట్టి, మొదట వచ్చిన మనిషిని మాకు తాతగా పంపడం. ఆ జాబితాలో చాలామంది పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. వాటిని మాత్రం నివేదికలో తీసేశారు. నిజంగా చనిపోయిన ఆ సైనికుడికీ ఒక ఇల్లు ఉంటుంది, ఆయన కోసం వెతికే మనవలు ఉంటారు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

తప్పు ఎత్తి చూపితే వచ్చిన జవాబు మరీ దారుణం. 1940 బాంబు దాడుల్లో లండన్‌లో రికార్డులు కాలిపోయాయట, అందుకే గందరగోళమట, ఇంకో ₹14,000 కడితే లోతుగా వెతుకుతారట. 1940 సెప్టెంబరులో లండన్‌లో రికార్డులు కాలిపోయిన మాట నిజమే. కానీ కాలిపోయినవి మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల కాగితాలు. 1943లో చేరిన మా తాతగారి కాగితం 1940 మంటల్లో ఎలా కాలుతుంది? అసలు మన సిపాయిల వ్యక్తిగత రికార్డులు లండన్ వెళ్లనేలేదు. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్న సర్వీసు ఫైళ్లు ప్రధానంగా అధికారులవి. మామూలు సిపాయి కాగితాలు ఆయన రెజిమెంటు లేదా కోర్ రికార్డు ఆఫీసుల పరిధిలో ఇక్కడే ఉండిపోయాయి. కాబట్టి 'సిపాయి ఫైలు లండన్ నుంచి' అనే మాట వినగానే అనుమానించండి.

వాళ్ల ప్రకటనలో పాత రిజిస్టర్ల ఫొటోలు కూడా ఉన్నాయి. అవి లాహోర్ మ్యూజియంలో ఉన్న రిజిస్టర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన దాదాపు 3.2 లక్షల పంజాబ్ సైనికుల వివరాలు వాటిలో ఉన్నాయి. అమూల్యమైన సమాచారమే, కాదనను. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన మనవాళ్లకు వాటితో సంబంధం లేదు.

ఇక పతకాల పేజీ. తాతగారికి ఆఫ్రికా స్టార్, బర్మా స్టార్, డిఫెన్స్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్, వార్ మెడల్ అన్నీ వచ్చాయని ఘనంగా రాశారు. మురిసిపోకుండా ఒక్కొక్కటీ తేదీలతో సరిచూడండి. ఆఫ్రికా స్టార్ 1940 జూన్ 10 నుంచి 1943 మే 12 వరకు జరిగిన సేవకు ఇచ్చినది. మా తాతగారు సైన్యంలో చేరిందే 1943 ఆగస్టులో అని డిశ్చార్జి సర్టిఫికెట్టు చెబుతోంది. బర్మా స్టార్‌కు లెక్కించేది 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 వరకు జరిగిన సేవ. ఇండియా సర్వీస్ మెడల్‌కు మూడేళ్ల సేవ ఉండాలి. డిఫెన్స్ మెడల్‌కు అర్హులైనవారికి ఇండియా సర్వీస్ మెడల్ ఇవ్వలేదు. ఆ రెండూ ఒకే మనిషి పేరు పక్కన కనిపించాయంటే, జాబితా రాసినవారు కనీసం నియమాలు కూడా చదవలేదని అర్థం.

బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రమైన 'లండన్ గెజెట్' ప్రతి అంటూ ఒక కాగితం కూడా జతచేశారు. యుద్ధంలో పాల్గొన్నందుకు లక్షలమందికి ఇచ్చిన పతకాలను గెజెట్‌లో పేరుపేరునా ప్రకటించరు. సాహస పురస్కారాలను ప్రకటిస్తారు. 1944లో ఇటలీలో తోటివారిని కాపాడుతూ ప్రాణాలిచ్చి జార్జ్ క్రాస్ పొందిన మద్రాస్ సాపర్స్ (సైనిక ఇంజనీర్ల దళం) సుబేదార్ సుబ్రమణ్యం లాంటి వారి పేర్లు అక్కడ ఉంటాయి. లండన్ గెజెట్ పాత సంచికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. సంచిక నంబరు, తేదీ, పేజీ చెప్పమని అడగండి. మా కాగితం మీద ఆ మూడూ లేవు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. పరిశీలన కోసం అసలు పతకాలు, డిశ్చార్జి సర్టిఫికెట్టు కొరియర్‌లో పంపమన్నారు. పెదమామయ్య ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి. పాత పతకాలను కొనే సేకర్తలు ఉన్నారు కాబట్టి చేయి దాటితే తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. పతకం అంచున నంబరు, పేరు ఉంటే దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి. నిజాయితీగా పరిశోధించేవారికి ఆ ఫొటో చాలు. అలాంటివారూ ఉన్నారు, వారిమీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్లు ఏ భాండాగారంలో, ఏ ఫైలు నంబరులో వెతుకుతారో ముందే చెబుతారు. తప్పక దొరుకుతుందని హామీ ఇవ్వరు.

మీరే వెతకాలనుకుంటే అన్నిటికన్నా ముందు కావలసింది సైనికుడి సర్వీసు నంబరు. డిశ్చార్జి సర్టిఫికెట్టు, పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, పతకం వచ్చిన పెట్టె, ఇవన్నీ చూడండి. పేరు ఒక్కటే పట్టుకుంటే పని జరగదు. మన పేర్లను ఆనాటి గుమాస్తాలు ఇంగ్లీషులో తోచినట్టు రాశారు. జిల్లాల పేర్లు కూడా విజగపటం, కిస్ట్నా అనే పాత రూపాల్లో ఉంటాయి. నంబరు, యూనిట్ తెలిస్తే ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో తేలుతుంది. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కు, పయనీర్ కోర్‌కు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఈఎంఈ (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్లు), ఆర్డ్నన్స్ (ఆయుధ సామగ్రి సరఫరా) కోర్‌లకు సికింద్రాబాద్. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము ₹10, సమాధానానికి గడువు 30 రోజులు. సైనికుడితో మీ బంధుత్వం చూపే కాగితం కూడా జతచేస్తే మంచిది.

మేము చివరికి ఆ దారిలోనే వెళ్లాం. వచ్చింది ఒకే ఒక్క పేజీ. చేరిన తేదీ, విడుదలైన తేదీ, కంపెనీ నంబరు, అర్హత ఉన్న పతకాలు, అంతే. ఆ పతకాలు రెండే. ఇంట్లో ఉన్నవి కూడా అవే రెండు. పెదమామయ్య ఆ పేజీకి పటం కట్టించుకున్నారు. అందరికీ ఇలా దొరుకుతుందని చెప్పలేను. యుద్ధం ముగిశాక రద్దయిన యూనిట్లు ఎన్నో ఉన్నాయి.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవారు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. చెల్లింపు రసీదు, సంభాషణల ఫొటోలు, వాళ్లు పంపిన నివేదిక ఏదీ చెరిపేయకండి. ఆ నివేదికలో స్మారకం వివరాలు ఉంటే, కమిషన్ వెబ్‌సైటులో అదే పేరు తెరిచి తండ్రి పేరు, ఊరు, సర్వీసు నంబరు పోల్చండి. తేడా ఉంటే ఆ పేజీని ముద్రించి ఫిర్యాదుకు జతచేయండి. మా ఫిర్యాదులో పోలీసులు మొదట అడిగిన ఆధారం అదే.